పది ఊళ్ళలో ఒకటి

ఐర్లండ్ దక్షిణ తీరాన కోవ్ అనే రేవు పట్నం. కొండవాలు మీద వరసగా కట్టిన ఇళ్ళలో ఒకటి. శనివారం పొద్దున్న ఆ ఇంటి వంటింట్లో అక్కాచెల్లెళ్ళిద్దరే ఉన్నారు: బడి వంటశాలలో వంట చేసే డింప్నా, రైల్వే స్టేషన్లో టికెట్లిచ్చే ఓర్లా.

"మరి రొట్టెల డబ్బా కింద కాగితం దాచేవాళ్ళని ఏమనాలే?"

"దాచలేదక్కా. పెట్టాను."

"నాలుగు మడతలు పెట్టి, దాని మీద డబ్బా ఎక్కించి, డబ్బా మీద గుడ్డ కప్పితే దాన్ని పెట్టడం అంటారా? యాభై ఏళ్ళొచ్చాయి నీకు. కాగితాలు దాచుకునే వయసా ఇది?"

"టీ తాగు ముందు. చల్లారిపోతోంది."

"చల్లారనీ. ఇదిగో, ఇక్కడ పెద్దక్షరాలతో ఉంది చూడు. ‘ఒంటరిగా, చవగ్గా, మూడు రోజులు: యూరప్‌లో పది ఊళ్ళు.’ ఎవరు ఒంటరిగా?"

"పేపరువాడు రాశాడు. నన్నడిగితే నేనేం చెప్పను?"

"పదింట్లో ఏడింటి మీద గీతలు కొట్టింది కూడా పేపరువాడేనా? స్టేషన్లో నువ్వు రాసే ఆకుపచ్చ ఇంకుతో?"

"సరే, నేనే. మూడు రోజులు ఎటైనా వెళ్ళొద్దామనిపించింది. అంతే."

"ఎవరితో?"

"పైన చదివావుగా."

"షూస్ కొనుక్కోవడానికి కార్క్ వెళ్ళాలంటే ‘అక్కా, నువ్వూ రా’ అంటావు. పాతిక నిమిషాల రైలు. అదీ నువ్వు పనిచేసే రైలు. అలాంటిదానివి విమానం ఎక్కి ఒంటరిగా పోతావా?"

"అందుకేనేమో మరి."

"అందుకే అంటే?"

"ఒక్కసారైనా ఒంటరిగా వెళ్ళి చూద్దామని."

"అబద్ధం. నీకు అబద్ధం చెప్పడం రాదే. చెప్పేటప్పుడు చెంచా తిప్పుతావు. చూడు, తిప్పుతున్నావు."

"పంచదార కరగలేదక్కా."

"నువ్వు టీలో పంచదార మానేసి నాలుగేళ్ళయింది."

"అబ్బ! నీకు పోలీసుద్యోగం ఇవ్వాల్సింది. పిల్లలకి బంగాళాదుంపలు ఉడకబెట్టడానికి ఎందుకు పెట్టారో నిన్ను."

"మాట మార్చకు. పోర్టో మీద గీత ఎందుకు కొట్టావు?"

"నచ్చలేదు."

"ఎందుకు నచ్చలేదు? సముద్రం ఉంది, చేపలున్నాయి. వేడిగా ఉంటుందని రాశాడు. మన ముసురుకి విసుగెత్తినవాళ్ళు ముందు అక్కడికే పోతారు."

"అక్కడ గోడలకి నీలం పలకలు అంటిస్తారు."

"అయితే?"

"అయితే ఏం లేదు. నీలం పలకలు."

"నీకు నీలం అంటే ప్రాణం! కర్టెన్లు నీలం, కోటు నీలం, ఈ కప్పు నీలం. పలకలు నీలంగా ఉన్నాయని ఊరు మానేశావా? మరి సెవిల్లా?"

"అక్కడ వీధుల్లో కమలాచెట్లు ఉంటాయట."

"కమలాచెట్లుంటే నీకేమైంది?"

"ఇందులో లేవు."

"దేన్లో లేవు?"

"ఏం లేదులే."

"దేన్లో లేవే? ‘ఇందులో’ అన్నావు."

"ఏదో అన్నానక్కా. నోరు జారింది. రొట్టె కోయనా? వెన్న రాసివ్వనా?"

"నీ వెన్న నాకొద్దు. ఓర్లా, ఇటు చూడు. నా మొహం చూడు. ఎవడు వాడు?"

"ఎవడెవడు?"

"నన్ను మళ్ళీ అడక్కు. పొద్దున్న ఏడున్నర రైలుకి రోజూ వచ్చి, నెల పాసు చేతిలో పెట్టుకుని కూడా కిటికీ దగ్గర నిలబడి కబుర్లు చెప్పే అతను ఉన్నాడు చూడు, పడవలాయన. భార్య పోయినాయన."

"మాసీ అహర్నా! అక్కా, ఆయనకి డెబ్భై రెండు!"

"అయితే ఏం, మగాడు కాదా?"

"ఆయన నాతో మాట్లాడేది తన మోకాలి గురించి. తొమ్మిది నెలలుగా మోకాలి గురించే."

"అలాగే మొదలుపెడతారు."

"మోకాలితోనా?"

"నవ్వకే! నాకు ఒళ్ళు మండుతోంది, నువ్వు నవ్వుతున్నావు. సరే, మాసీ కాడు. అయితే ఫోన్లో దొరికిన బాపతు అయ్యుంటాడు. చర్చి పారిష్ హాల్లో పోలీసుపిల్ల వచ్చి చెప్పలేదా? పక్క ఊళ్ళో ఒకావిడ, నీలాగే ఒంటరిది. సముద్రం మీద చమురు తోడే ఇంజనీరునని చెప్పి, ‘ఫలానా ఊరికి రా, హోటల్ నేను చూసుకుంటా’ అన్నాడట. వెళ్ళింది. హోటలూ లేదు, ఇంజనీరూ లేడు. సంచీ కూడా పోయింది."

"నాకే ఇంజనీరూ తెలీదక్కా. పైగా నన్ను రమ్మని పిలిచేవాడైతే ఊరు వాడే చెప్తాడు కదా! పది ఊళ్ళు పెట్టుకుని నేనెందుకు గీతలు కొట్టుకుంటాను? చెప్పు మరి. ఏ మగాడైనా ‘పదింట్లో ఎక్కడో ఒకచోట ఉంటాను, వెతుక్కో’ అంటాడా?"

"అదే నాకూ అర్థం కావట్లేదు. అందుకే రాత్రంతా నిద్రపట్టలేదు."

"రాత్రంతానా? అయితే ఈ కాగితం నిన్ననే చూశావన్నమాట."

"మంగళవారం చూశాను."

"మంగళవారం! ఇన్నాళ్ళూ నోరు మూసుకుని కూర్చున్నావా? నువ్వు?"

"చూస్తూ ఉన్నాను, ఏం చేస్తావోనని. బుధవారం ఐదు గీతలే ఉన్నాయి. నిన్నటికి ఏడయ్యాయి. పక్కింటి ట్వోమీగారావిడ బుడాపెస్ట్ వెళ్ళొచ్చిందని తెలిసి, వెంటబడి ‘అక్కడ ఇళ్ళు ఏ రంగు? అన్నీ కలిపి కట్టుంటాయా, విడివిడిగా ఉంటాయా?’ అని అడిగావట. ‘మీ చెల్లెలు బావుందా?’ అని నన్నడిగింది ఆవిడ. తలకాయ ఎక్కడ పెట్టుకోను?"

"ఇళ్ళ గురించి అడిగితే తప్పా?"

"లైబ్రరీలో భూతద్దం అడిగావట. అది కూడా ట్వోమీగారావిడే చెప్పింది. మూడు రోజులు గాలి మార్పుకి వెళ్ళేవాళ్ళకి భూతద్దం ఎందుకే?"

"ఈ ఊళ్ళో దగ్గినా కొండ కిందిదాకా వార్త పోతుంది."

"ఇంకోటి. ఈ కాగితం పైమూల కత్తెరతో కత్తిరించావు. అక్కడో బొమ్మ ఉండాలి. ఏది?"

"చిరిగిపోయింది."

"చిరిగితే ఇంత తిన్నగా చిరగదు. నీ యూనిఫాం కోటు లోపలి జేబులో ఉంది కదూ?"

"నా జేబులు వెతికావా?"

"వెతకలేదు. నువ్వు వారం నుంచీ అక్కడ చెయ్యి పెట్టుకుని తిరుగుతున్నావు. గుండెనొప్పేమోనని భయపడ్డాను ముందు."

"అక్కా..."

"నా మీద ఒట్టు. అమ్మ మీద ఒట్టు. ఏమైనా జబ్బా నీకు? పరీక్షలు చేయించుకున్నావా? పోయేలోపు ఊళ్ళు చూడమన్నారా?"

"ఛ! నీ నోట్లో ఏ మాట వస్తే ఆ మాటేనా? నాకేం లేదు. రాయిలా ఉన్నాను."

"అయితే చూపించు."

"చూపిస్తే కోప్పడతావు."

"ఇప్పుడు పడట్లేదా?"

"అది వేరు. ఇది చూస్తే వేరే కోపం వస్తుంది నీకు. తొమ్మిదేళ్ళ కిందటి కోపం. అందుకే చూపించలేదు. కూర్చో. కూర్చుంటే చూపిస్తా."

"నిలబడతాను."

"నీ ఇష్టం. ఇదిగో. పేపర్లో ఊళ్ళ పేర్ల పైన ఈ ఫోటో వేశారు. ఊరి నడుమ ఒక చౌకు. చుట్టూ సన్నటి ఇళ్ళు, ఒకదానికొకటి భుజాలు ఆనించుకున్నట్టున్నాయి చూడు. పసుపు, ఎరుపు, ఆకుపచ్చ. కింద కాఫీ కొట్ల బల్లలు. ఇటు ఎడమవైపు, ఈ గొడుగు వెనక, నెత్తి మీద రెండు కుర్చీలు మోసుకెళ్తున్న మనిషి. చూశావా?"

"చూశాను."

"ఎవరు?"

"నాకేం తెలుసు? కాఫీ కొట్టు పనివాడు."

"అక్కా, సరిగ్గా చూడు. ఎడమ భుజం కిందికి వాలుతుంది. కుర్చీలు బోర్లించి నెత్తి మీద పెట్టుకుని, ఒక్క చేత్తో పట్టుకుని, ఇంకో చెయ్యి ఊపుకుంటూ. పారిష్ హాల్లో పెళ్ళిళ్ళకి కుర్చీలు అలా మోసేది ఎవరు? ‘వెధవా, మెడ విరుగుతుందిరా’ అని అమ్మ ఎవర్ని అరిచేది?"

"కాదు."

"ఫింటన్ అక్కా. మన తమ్ముడు."

"కాదన్నానా? మొహం ఆవగింజంత ఉంది. ఈ బొమ్మలో నీకు నచ్చినవాడిని చూసుకోవచ్చు నువ్వు."

"భూతద్దం పెట్టి చూశాను. చెవి మీద గాటు ఉంది. గాలపు ముల్లు గుచ్చుకుంది చూడు, పదకొండేళ్ళప్పుడు."

"అచ్చులో మరక అయ్యుంటుంది."

"కళ్ళజోడు లేకుండా ఇంత దూరం నుంచి ‘కాదు’ ఎలా అనేశావు? కనీసం చేతిలోకైనా తీసుకోలేదు."

"తీసుకోనక్కర్లేదు. వాడు కాదు. అయినా వాడు ఉన్నాడో లేడో. తాగి ఏ కాలవలో పడ్డాడో."

"అలా అనకు."

"ఇంకెలా అనమంటావు? తాగి సారాకొట్టు మెట్ల మీద పడి ఉంటే, వానలో ఈ కొండ దిగి వెతుక్కుంటూ పోయింది అమ్మ. డెబ్భై ఆరేళ్ళ మనిషి. మూడు వారాల్లో పోయింది. శవం ఇంట్లో ఉన్నప్పుడు కూడా వాడి నోరు కంపు కొడుతూనే ఉంది."

"కొట్టింది. కాదన్నానా? కానీ కొండ మీదున్న జనం అందరి ముందూ ‘అమ్మని చంపింది నువ్వే’ అన్నావు. సంచీ తెచ్చి గుమ్మం బయట పడేశావు. వాడు సంచీ తీసుకుని మన స్టేషన్‌కే వచ్చాడు. ఆ రోజు నేను సెలవులో ఉన్నాను కనక వాడికి టికెట్ ఎక్కడికిచ్చారో కూడా తెలీదు నాకు. తొమ్మిదేళ్ళుగా ప్రతి రైలు ముందూ తలెత్తి చూస్తున్నానక్కా. నీకు చెప్పలేదు. పేపరాఫీసుకి కూడా ఫోన్ చేశాను. ‘ఆ బొమ్మ ఎక్కడో కొన్నాం, ఏ ఊరో మాకూ తెలీదు’ అన్నారు. పదింట్లో ఒకటి అయ్యుంటుందంతే. అందుకని ఒక్కోదాన్నీ తీసేసుకుంటూ వచ్చాను. పోర్టో కాదు, సెవిల్లా కాదు. నేపుల్స్‌లో బాల్కనీల్లో బట్టలు ఆరేస్తారు, ఇందులో బాల్కనీలే లేవు. బుడాపెస్ట్‌లో ఇళ్ళు పెద్దవని ట్వోమీగారావిడ చెప్పింది. మూడు మిగిలాయి. రీగా, గ్దాన్స్క్, పోజ్నాన్."

"వెళ్ళకు."

"ఎందుకు?"

"చలి. క్యాబేజీ తప్ప తిండి ఉండదు. ఆ రెండోదాని పేరు పలికితే పళ్ళూడతాయి. ఓర్లా, నీకు ఊరే కావాలంటే పోర్టో వెళ్దాం. ఇద్దరం. నేను బడికి సెలవు పెడతాను. చేపలు తిందాం."

"ఇందాక ఒంటరిగా వెళ్తానంటే తిట్టావు. ఇప్పుడు ఇద్దరం పోర్టో అంటున్నావు. ఏంటక్కా, నిన్ను చూస్తే నాకే అనుమానం వస్తోంది."

"నా మీద నీకనుమానమా? బావుంది."

"అన్నీ వద్దంటావు. ముఖ్యంగా ఈ మూడూ వద్దంటావు."

"నీ మంచికోరి అంటున్నాను. లేనిపోని ఆశ పెట్టుకుని పోతావు. అక్కడ ఎవడో పోలెండువాడు కుర్చీలు మోస్తుంటాడు. ఏడ్చుకుంటూ వస్తావు. నీ కన్నీళ్ళు తుడిచేది నేనే కదా."

"ఏడిస్తే ఏడుస్తా. గురువారం సెలవు దొరికింది. ముందు గ్దాన్స్క్. దొరక్కపోతే వచ్చే నెల పోజ్నాన్. ఆ తర్వాత రీగా. చౌకులో పొద్దున్నే వెళ్ళి కూర్చుంటా. కాఫీ కొట్లన్నీ వరసగా చూస్తా."

"దొరికినా వాడితో నాలుగు మాటలు మాట్లాడగలవా? వాడు పని మీద ఉంటాడు. పొద్దున్నంతా బల్లలు వేసుకోవడమే సరిపోతుంది. మధ్యాహ్నం ఆ మేకలు బయటికొచ్చే వేళకి జనం ఎగబడతారు, తల తిప్పే తీరిక ఉండదు వాడికి. సాయంత్రమైతే..."

"ఏ మేకలు?"

"ఏంటి?"

"మేకలన్నావు."

"నేనా? అనలేదే."

"అన్నావక్కా. మధ్యాహ్నం మేకలు బయటికొస్తాయన్నావు."

"అదే... మార్కెట్లో మేకలు ఉంటాయి కదా. పల్లెటూళ్ళలో."

"ఇవి పల్లెటూళ్ళు కావు. ఈ కాగితం నేను వందసార్లు చదివాను. మేక అన్న ముక్క ఎక్కడా లేదు."

"టీవీలో చూసుంటాను."

"ఎప్పుడు?"

"ఎప్పుడో. అన్నీ గుర్తుంటాయా?"

"మంగళవారం గీతలెన్నో, బుధవారం గీతలెన్నో గుర్తుంది నీకు. మేకలు ఎక్కడివి?"

"టీ పోస్తాను, ఉండు."

"అక్కా, టీపాట్ కింద పెట్టు. మేకలు ఎక్కడివి?"

"గడియారంలో."

"ఏ గడియారం?"

"పోజ్నాన్ చౌకులో, పాత మునిసిపల్ భవనం మీద గడియారం ఉంటుంది. పన్నెండు కొట్టగానే పైన చిన్న తలుపు తెరుచుకుని రెండు రేకు మేకలు వస్తాయి. కొమ్ములతో కుమ్ముకుంటాయి. పిల్లలు లెక్కపెడతారు, పన్నెండుసార్లు."

"నువ్వు చూశావా?"

"మూడు రోజులు చూశాను."

"ఎప్పుడు?"

"పోయిన అక్టోబరు. నాక్ పుణ్యక్షేత్రం యాత్రకి పారిష్ బస్సు వెళ్ళినప్పుడు."

"నువ్వు ఆ బస్సెక్కావు. సంచీ పట్టుకుని కిందిదాకా నేనే వచ్చాను."

"కార్క్‌లో దిగిపోయాను. ఫాదర్ లీహన్‌కి కడుపునొప్పని చెప్పాను. అక్కడి నుంచి విమానాశ్రయానికి వెళ్ళాను. అరవై రెండేళ్ళకి మొదటిసారి విమానం ఎక్కాను. బెల్టు పెట్టుకోవడం రాలేదు. పక్కనున్న కుర్రది పెట్టింది."

"నాక్ నుంచి నాకు జపమాల తెచ్చావు!"

"కార్క్‌లో కొన్నాను."

"ఎందుకు వెళ్ళావు? నువ్వు కూడా ఏదైనా బొమ్మ చూశావా?"

"ఉత్తరం వచ్చింది."

"ఫింటన్ నీకు ఉత్తరం రాశాడా?"

"వాడి ఉత్తరమే."

"అక్కా. ఉత్తరం ఎవరికి వచ్చింది?"

"కవరు మీద నీ పేరుంది. నువ్వు డ్యూటీలో ఉన్నావు. వాడి చేతిరాత. ‘ఓ’ రాసేటప్పుడు తోక పెడతాడు చూడు. తిరగేసి పెట్టేద్దామనే అనుకున్నానే. చేతులు ఆగలేదు."

"ఏం రాశాడు?"

"మందు మానేసి ఏడేళ్ళయిందట. ఒక్క చుక్క కూడా ముట్టుకోలేదని రాశాడు. మొదట ఓడల మరమ్మతులో చేరాడట, అక్కడ స్నేహితుడైన పోలెండు మనిషితో ఆ ఊరు వెళ్ళాడట. ఆ కొట్టు ఆ స్నేహితుడి తల్లిది. ‘ఓర్లా, నువ్వొకసారి రా. టికెట్లు చవగ్గానే ఉంటాయి. మూడు రోజులుండు. నచ్చితే వెనక్కి పోకు. పై అంతస్తులో ఒక గది ఖాళీగా ఉంది, కిటికీలోంచి చౌకంతా కనిపిస్తుంది’ అని రాశాడు."

"నా గురించి ఇంకేం రాశాడు?"

"‘నువ్వు ఆ రోజు ఉండుంటే సంచీ లోపలికి తెచ్చేదానివి’ అన్నాడు."

"తెచ్చేదాన్ని."

"తెలుసు."

"ఆ ఉత్తరం నాకు ఎందుకివ్వలేదు?"

"ఇద్దామనే అనుకున్నాను. రోజూ అనుకున్నాను. ‘నచ్చితే వెనక్కి పోకు’ అన్నాడు చూడు, అక్కడ ఆగిపోయేదాన్ని. నువ్వు పోతే ఈ ఇంట్లో నాతో మాట్లాడేది ఎవరు? నువ్వు స్టేషన్ నుంచి వచ్చి షూస్ విప్పి అక్కడ విసిరేస్తావు. రోజూ తిడతాను. ఆ చప్పుడు లేకపోతే నాకు సాయంత్రమైనట్టే ఉండదే. ముందు నేను వెళ్ళి, ఆ రోజు అన్న మాట వెనక్కి తీసుకుంటాను, వాడిని ఇక్కడికే తీసుకొస్తాను, అప్పుడు ఎవరూ ఎక్కడికీ పోనక్కర్లేదు అనుకున్నాను."

"వెనక్కి తీసుకున్నావా?"

"మొదటి రోజు ఎదురు కొట్లో కూర్చుని చూశాను. రెండో రోజూ అంతే. మూడో రోజు వెళ్ళి వాడి బల్ల దగ్గర కూర్చున్నాను. ఆర్డరు రాసుకునే చిన్న పుస్తకం పట్టుకుని వచ్చాడు. నన్ను చూసి ఆగిపోయాడు. జుట్టు నెరిసిపోయిందే వాడికి. నాన్నలా ఉన్నాడు. ‘ఫింటన్, ఆ రోజు నేనన్నది తప్పురా’ అన్నాను."

"ఏమన్నాడు?"

"‘టీయా, కాఫీయా?’ అన్నాడు."

"అయ్యో."

"టీ అన్నాను. తెచ్చాడు. చిక్కగా, పాలు విడిగా, నేను తాగేట్టే. నా ఎదురుగా కూర్చున్నాడు. ఆ మేకలు వచ్చిపోయాయి. తర్వాత ‘అమ్మ సమాధి ఎవరు చూస్తున్నారు?’ అని అడిగాడు. ఓర్లా చూస్తోంది, వసంతంలో పూలు నాటుతుంది అని చెప్పాను. తలూపాడు."

"నా గురించి అడిగాడా?"

"అడిగాడు."

"ఏం చెప్పావు?"

"బాగున్నావని చెప్పాను."

"అంతేనా?"

"అంతే. ఇంకేముంటుంది."

"ఇంటికి రమ్మన్నావా?"

"రానన్నాడు. ఆ గుమ్మం తొక్కనన్నాడు. కోపంగా అనలేదు. మామూలుగా అన్నాడు. అది ఇంకా బాధ."

"ఏడు నెలలు అక్కా. ఏడు నెలలు నువ్వు ఈ బల్ల దగ్గర నా ఎదురుగా కూర్చుని రొట్టె తిన్నావు. నేను ఆ స్టేషన్లో దిగిన ప్రతి మనిషి మొహం చూశాను. భూతద్దం పెట్టి గోడల రంగులు చూశాను. నువ్వు నన్ను దొంగని అడిగినట్టు అడిగావు. ‘ఎవడు వాడు’ అన్నావు!"

"భయమేసి అడిగానే. ఆ కాగితంలో పోజ్నాన్ పేరు చూశాను. దాని మీద గీత లేదు. రోజూ వచ్చి చూసేదాన్ని, ఈ రోజైనా దాన్ని కొట్టేస్తావేమోనని."

"ఉత్తరం ఉందా?"

"నా దిండు గలీబులో ఉంది."

"వెళ్ళి తే."

"ఓర్లా..."

"తే అక్కా. నేను నిన్ను ఇప్పుడేమీ అనను. ముందు ఉత్తరం తే. నేను టికెట్ తీస్తాను. ఏది నా ఫోన్? ఇక్కడుంది. పోజ్నాన్. గురువారం. కార్క్ నుంచే ఉంది విమానం. పొద్దున పదింటికి. ఆదివారం వెనక్కి."

"ఆదివారం వస్తావా?"

"వెనక్కి టికెట్ తీస్తున్నాగా, వినపడట్లేదా?"

"తీసినా రాకపోవచ్చు."

"రాకపోవచ్చు. వస్తానో రానో నాకే తెలీదు. నీకెలా చెప్పను? అయిపోయింది. ఒక్క సీటు. కిటికీ పక్కన. తెచ్చావా? ఇలా ఇవ్వు. అబ్బా, ఈ చేతిరాత! చూడు, ‘ఓ’కి తోక."

"నాకోసం ఏమీ అడక్కు. టీ పొట్లాలు ఇస్తాను, పట్టుకెళ్ళు. అక్కడ టీ నీళ్ళలా ఉంటుంది. వాడు ఎక్కణ్ణుంచో మనలాంటిది తెప్పించుకుంటున్నాడు, డబ్బా అడుగున కొంచెమే ఉంది. రొట్టె కూడా చేస్తాను. ఎవరు చేశారని చెప్పకు."

"చెప్తాను. ఎందుకు చెప్పను? నీ రొట్టె వాడికి తెలీదా? అక్కా, ఎందుకు ఏడుస్తావు ఇప్పుడు? అంతా బయటపెట్టేశావు. పోయింది. నేను వెళ్తున్నాను, వాడిని చూస్తాను. ఏడు నెలలుగా జవాబు కోసం చూస్తుంటాడు పిచ్చివాడు. నేను ఆ చౌకులో కనబడగానే కుర్చీలు కింద పడేసి పరిగెత్తుకొస్తాడు చూడు."

"రాడే."

"రాకేం? రమ్మని రాసింది వాడే కదా!"

"‘ఓర్లా నా ఉత్తరం చదివిందా?’ అని అడిగాడు. చదవకుండానే పొయ్యిలో వేసిందని చెప్పాను."